గోడల్లో నీళ్లు

నేను ఒక నీళ్ల తొట్టిని. వంటింటి గుమ్మానికీ వెనక గేటుకీ మధ్య, పెరట్లో కూర్చుని ఉంటాను. నాకు నోరుంది కానీ అది పైకి తెరుచుకుని ఉండడానికే. అందుకే ఇన్నేళ్లూ ఎవరేమన్నా ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేను. నాలో ఎన్ని నీళ్లు పడతాయో నాలోకి తొంగి చూడకుండానే ఒక పెద్దమనిషి లెక్క కట్టాడు. ఆ లెక్కను నా గోడమీదే ఎర్రరంగుతో రాశాడు. ఆ అంకె పట్టుకుని ఒక మనిషిని దొంగను చేశాడు. అబద్ధం ఆయనది, దాన్ని మోసిన ఒళ్లు నాది.

గొడవ మొదలైంది చెంబెడు కడుగునీళ్ల దగ్గర.

ఆ ఆదివారం పొద్దున హైమవతి బియ్యం కడిగి, ఆ నీళ్లు తెచ్చి నా పక్కనున్న కనకాంబరం మొక్కకు పోసింది. వంటింటి గుమ్మంలో నిలబడి కత్తిపీట కడుగుతున్న ఆమె వదిన ఇందుమతి అది చూసింది.

"ఆ నీళ్లు అంట్లకి ఉంచమని చెప్పానా లేదా హైమా?"

"కడుగునీళ్లే కదా వదినా."

"కడుగునీళ్లు మాత్రం యాడనుంచి వచ్చినయ్? తొట్లోంచి ముంచినవే కదా."

"సాయంత్రం పూలు పెట్టుకునేటప్పుడు మాత్రం నీకీ మాట గుర్తు రాదు."

"నేను అడిగానా? కట్టి ఇస్తివి, పెట్టుకుంటిని."

వరండాలో తల దువ్వుకుంటున్న మంజరి, ఇందుమతి కూతురు, డిగ్రీ చదువుతున్న పిల్ల, అద్దంలోంచి చూపు తిప్పకుండానే అంది: "మీరిద్దరూ ఆ చెంబు సంగతి తేల్చేలోపల తొట్లో ఇంకో చెంబు ఎండకి ఆవిరైపోద్ది."

అక్కడితో నవ్వుకుని ఎవరి పనికి వాళ్లు పోతే సరిపోయేది. కానీ ఆ ఇంటి యజమాని భుజంగరావు పేపరు మడిచి లేచాడు.

"మాటలెందుకు? ఎన్ని నీళ్లున్నయ్యో, ఎన్నాళ్లు రావాలో లెక్క కడదాం. లెక్కంటూ ఉంటే కొట్లాట ఉండదు," అన్నాడు.

ఆయన లెక్క ఎలాంటిదో చెప్పే ముందు నా పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే నా పుట్టుక తెలిసినవాడెవడూ అలాంటి లెక్క కట్టడు.

నన్ను కట్టించింది చెంచురామయ్య అనే పొగాకు వ్యాపారి. ప్రకాశం జిల్లా మెట్టలో ఉన్న ఈ చిన్న పట్నంలో ఆ రోజుల్లో ఆయన గిత్తలకు ఆయనకున్నంత పేరుండేది. నీళ్లు తాగాక కొమ్ములు గోడకేసి రుద్దుకోవడం ఆ గిత్తల అలవాటు. నాకు ముందు ఇక్కడున్న తొట్టిని అవి అలాగే పడగొట్టాయట. అందుకని చెంచురామయ్య మేస్త్రీని పిలిచి, "కొమ్ము విరగాల గాని గోడ కదలకూడదు" అన్నాడు. మేస్త్రీ ఆ మాట నిలబెట్టాడు. మామూలు తొట్లకు కట్టే పలచటి గోడ కాకుండా, ఇటుకలు అడ్డంగా పేర్చి, నాలుగు పక్కలా తొమ్మిదంగుళాల మందాన గోడ లేపాడు. కడిగినప్పుడు మురికినీళ్లు వాటంతటవే తూములోంచి పోవాలని, లోపల రాళ్లు పరిచి నేలకు అర అడుగు ఎత్తున నా అడుగు వేశాడు. గిత్తలు మూతి పెట్టి విదిలిస్తే నీళ్లు పొర్లి పెరడంతా బురద కాకూడదని, పై అంచుకు అర అడుగు కిందుగా ఒక గొట్టం పెట్టాడు. నీళ్లు అంతవరకు రాగానే ఆ గొట్టంలోంచి కాలువలోకి పోతాయి. అంచుదాకా నేను ఏనాడూ నిండలేదు. నిండే వీలు లేదు.

ఆ మందం, ఆ ఎత్తు, ఆ గొట్టం నా గొప్పలూ కావు, నా తప్పులూ కావు. రెండు గిత్తల కోసం చేసినవి.

గిత్తలు అమ్ముడుపోయాయి. తర్వాత కొన్నాళ్లకు ఇల్లూ అమ్ముడుపోయింది. కొన్నది భుజంగరావు. ఇంట్లో అడుగు పెట్టిన రోజే ఇందుమతికి నా గట్టు నచ్చింది. బిందె పెడితే బిందె నిలబడుతుంది. బట్టలు పరిచి సబ్బు పెట్టవచ్చు. సాయంత్రం కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవచ్చు. మంజరి పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ గట్టుమీద కూర్చోబెడితే తప్ప ముద్ద మింగేది కాదు. "ఇంత వెడల్పు గట్టున్న తొట్టి మా వీధిలో ఇంకెవరికీ లేదు," అని వచ్చినవాళ్లకల్లా ఇందుమతి చూపించేది. ఆ వెడల్పు ఎక్కడినుంచి వచ్చిందో, ఎందులోంచి తగ్గిందో ఆమె కూడా ఆలోచించలేదు. మెచ్చుకోవడానికి మనుషులకు అంత లోతు అవసరం లేదు.

హైమవతి భుజంగరావు చెల్లెలు. భర్త పోయాక కుట్టుమిషను ఒకటి వెంటబెట్టుకుని అన్నగారింటికి వచ్చింది. పెరటివైపు గది ఆమెకిచ్చారు. దాని కిటికీ సరిగ్గా నామీదికి తెరుచుకుంటుంది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. తన ఖర్చు తాను చూసుకుంటుంది, అన్నగారి ఇంట్లో సగం చాకిరీ చేస్తుంది. పొద్దున్నే మొదట నా దగ్గరికి వచ్చేది ఆమే. మిగతావాళ్లు చెంబు ఎక్కడ దొరికితే అక్కడ ముంచుతారు. ఆమె మాత్రం నీటిమీద పడిన వేపాకులు ముందు చేత్తో పక్కకు తోసి, తర్వాత ముంచుతుంది. ఇది చిన్న విషయమే. కానీ నన్ను చూసి వాడుకున్నది ఎవరో, చూడకుండా వాడుకున్నది ఎవరో నాకు తెలుసు.

ఇక ఆ లెక్క.

భుజంగరావుకు ఇంటిపన్నుల విభాగంలో ఉద్యోగం. ఇళ్లు కొలవడం ఆయన పని. ఆ పనిలో గోడ బయటి అంచునుంచి గోడ బయటి అంచుదాకా టేపు పట్టడం పద్ధతి. ఇంటివాళ్లు ఎవరైనా, "ఏంది సార్, గోడలక్కూడా పన్నా?" అంటే, "గోడ లేకుండా నీ ఇల్లు నిలబడుద్దా అబ్బాయ్?" అనడం ఆయనకు అలవాటు. ఆ మాట ఇంట్లో కూడా ఎన్నోసార్లు చెప్పి నవ్వుకున్నాడు. ఆయన ఉద్యోగంలో అది సరైన పద్ధతే కావచ్చు. నాకు ఇళ్ల సంగతి తెలియదు.

ఆ ఆదివారం ఆయన తన ఇనుప టేపు తెచ్చి, ఒక కొస మంజరికి ఇచ్చి, నన్ను బయటినుంచి కొలిచాడు. పొడవు ఆరడుగులు. వెడల్పు నాలుగు. నేలనుంచి గట్టుదాకా ఎత్తు నాలుగు.

"ఆరు నాలుగులు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు. తొంభై ఆరు ఘనపుటడుగులు. అడుక్కి ఇరవై ఎనిమిది లీటర్లేసుకో," అన్నాడు.

మంజరి ఫోనులో నొక్కి, "రెండువేల ఆరువందల ఎనభై ఎనిమిది నాన్నా," అంది.

"చూశావా. మన బిందె పదిహేను లీటర్లు. అంటే దగ్గర దగ్గర నూట ఎనభై బిందెలు. రోజుకి ముప్పై వాడుకున్నా ఆరు రోజులు రావాల. పంపు మూడు రోజులకొకసారి వస్తోంది. ఇంక మనకి కరువేంది?"

గుణకారంలో తప్పు లేదు. అదే నా బాధ. గుణకారం సరిగ్గా ఉంటే మనుషులు ఇంకేదీ చూడరు. నీళ్లు నిలబడేది ఖాళీలో, గోడలో కాదు. ఆయన నా ఇటుకల్ని, నా అడుగున పరిచిన రాళ్లను, గొట్టానికి పైనున్న ఉత్త గాలిని కూడా నీళ్లకింద కట్టాడు. గిత్తలు కూడా నాలో మూతి పెట్టి చూశాకే తాగేవి.

అంతటితో ఆగితే బాగుండేది. ఇళ్లకు నంబర్లు వేసే రంగు డబ్బా ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కుంచె తెచ్చి, నా నుదుటిమీద, అంటే వంటింటివైపు గోడమీద, 2688 లీ. అని పెద్దగా రాశాడు. వెనక్కి జరిగి, తల వంచి చూసుకుని, "ఇప్పుడు అడుగు ఎవరన్నా," అన్నాడు.

పంపు వచ్చింది. నేను నిండాను, అంటే గొట్టందాకా నిండాను. వాళ్లు రోజుకు ముప్పై బిందెల చొప్పున వాడుకున్నారు. మూడో రోజు పొద్దునకు చెంబు నా అడుగును గీరింది.

ఆ చప్పుడు ఈ ఇంటికి కొత్తది కాదు. ఎండాకాలంలో పంపు రాక తగ్గిన దగ్గర్నుంచీ మూడో రోజుకు నేను అయిపోతూనే ఉన్నాను. అయిపోయేవి, సర్దుకునేవాళ్లు. కానీ ఇప్పుడు నా నుదుటిమీద అంకె ఉంది. నిన్నటిదాకా నీళ్లు అయిపోయాయి, ఇవాళ నీళ్లు పోయాయి.

భుజంగరావు నాలోకి చూసి, నా గోడమీది రాత చూసి, మళ్లీ నాలోకి చూశాడు. ఒకవైపు నా కడుపు, ఒకవైపు ఆయన రాత. ఏది నమ్మాలో తేల్చుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"నూరు బిందెల పైన లెక్కకి రావడంలేదు. ఇంట్లోంచి నీళ్లు బయటికి పోతున్నయ్," అన్నాడు.

వెనక గేటు అవతల కోటమ్మ ఇల్లు. ఆమెకు మూడు బర్రెలున్నాయి. హైమవతికి ఆమెతో స్నేహం. ఒకనాడు కోటమ్మ ఇంటి మోటారు చెడిపోతే హైమవతి అందరి ఎదుటే రెండు బిందెలు ముంచి ఇచ్చింది. ఆ సంగతి ఇందుమతికి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినదాన్ని పైకి అనేసింది.

"కోటమ్మకేమన్నా పోస్తన్నావా హైమా?"

"ఆ రోజు రెండు బిందెలిచ్చాను వదినా. నీ ముందరే కదా. మళ్లీ ఇవ్వలేదు."

"బర్రెలు రెండు బిందెలతో ఊరుకుంటయ్యా?"

"ఊరుకోవు. అందుకే వాళ్ల మోటారు బాగు చేయించుకున్నారు."

భుజంగరావు చెల్లెలి మొహం చూడకుండా, "మేం లేనప్పుడు గేటు తీసి పెడుతున్నావేమోనని అడుగుతోందిలే," అన్నాడు.

"తియ్యలేదన్నయ్యా," అంది హైమవతి. అని, లోపలికి వెళ్లి మిషను ముందు కూర్చుంది. మిషను చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా వినిపించలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నూరు బిందెల నీళ్లు అంటే మాటలా? ఒక్క మనిషి అన్ని నీళ్లు ముంచి, గేటు దాటించి, అవతల పోస్తుంటే పెరడు తడవదా, గేటు కిర్రుమనదా, ఆమె నడుం పడిపోదా? ఆ ఇంట్లో ముగ్గురున్నారు. ఒక్కరూ ఆ మాట అనుకోలేదు. మనిషిని అనుమానించడానికి లెక్క కావాలి గాని, అనుమానాన్ని అనుమానించడానికి ఎవరూ లెక్క కట్టరు.

మర్నాడు వెల్డింగు షాపునుంచి రేకు మూత వచ్చింది, దానికో గడియ, గడియకో తాళం. తాళంచెవి ఇందుమతి కొంగుకు చేరింది. ఇన్నేళ్లలో గిత్తలు కుమ్మాయి, పిల్ల తన్నింది, కాకులు ఎంగిలి చేశాయి. ఏదీ నాకు అవమానం అనిపించలేదు. నీళ్లకు తాళం వేసిననాడు అనిపించింది. నాకే అలా ఉంటే, పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని వంటింటి గుమ్మం ముందు నిలబడి, "వదినా, తాళం," అని అడగాల్సిన మనిషికి ఎలా ఉంటుంది?

హైమవతి నిలబడేది. ఇందుమతి వచ్చి మూత తీసేది. హైమవతి వేపాకులు తోసేది కాదు. మూత ఉండబట్టి ఆకులు లేవు మరి. రెండు బిందెలు ముంచుకుని, ఒక్క మాటా లేకుండా వెళ్లిపోయేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు దాహమంటే, ముందు తన కుండ వంచి చూసుకుని గ్లాసు నింపేది. కనకాంబరం మొక్కకు నీళ్లు మానేసింది. అది వారానికి తలవాల్చింది.

ఒక సాయంత్రం భుజంగరావు వరండాలో కూర్చుని, ఎవరితోనూ కాకుండా అందరికీ వినబడేలా అన్నాడు: "కందుకూర్లో మన పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. పెద్దమ్మ మంచాన పడిందంట. చూసుకునేవాళ్లు లేరంట. హైమ అక్కడుంటే ఇద్దరికీ బాగుంటది."

"నా గిరాకీ అంతా ఇక్కడే ఉంది కదన్నయ్యా," అంది హైమవతి కిటికీలోంచి.

"మిషను యాడైనా తిరుగుద్ది. మనశ్శాంతిగా ఉంటది నీకు."

ఎవరి మనశ్శాంతి గురించి అంటున్నాడో ఆయన చెప్పలేదు. మంజరి మాత్రం, "నాన్నా, అత్త పోతే నా డ్రస్సులెవరు కుడతారు?" అంది. ఆ పిల్ల మనసులో ఉన్నది అది కాదు. వేరేగా అనడం చేతకాలేదు. ఆ రాత్రినుంచి హైమవతి గదిలో గుడ్డలు మడతపెడుతున్న చప్పుడు వినబడసాగింది. ఇచ్చినవాళ్ల గుడ్డలు వాళ్లకు తిరిగి ఇచ్చేయడానికి కాబోలు, విడివిడిగా మూటలు కడుతోంది. కొన్ని కత్తిరించినవి, కొన్ని కత్తిరించనివి.

మళ్లీ పంపు వచ్చింది. నిండాను. తాళం పడింది. చెవి ఇందుమతి కొంగున ఉంది. ఈసారి ఆమె ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడింది. అయినా మూడో రోజు సాయంత్రానికి నేను ఖాళీ.

భుజంగరావు మూత ఎత్తి చూశాడు. తర్వాత చుట్టూ నేల చూశాడు. ఎండకు బీటలు తీసి పొడిగా ఉంది. నేను కారడం లేదని ఆ నేలే చెప్పింది. అప్పుడు మెల్లగా భార్యవైపు తిరిగాడు.

"తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది?"

"నా దగ్గరే."

"ఎవరికీ ఇవ్వలేదు?"

"అంటే?"

"ఊరికే అడుగుతున్నా. లెక్క తేలాల కదా."

ఇందుమతి కొంగు విప్పి తాళంచెవి తీసి నా గట్టుమీద పెట్టింది. ఇన్నాళ్లూ ఆమె అడగడమే గాని, ఎవరూ ఆమెను అడగలేదు. ఆ ప్రశ్న తనదాకా వచ్చేసరికి దాని బరువెంతో ఆమెకు తెలిసింది. ఆమెమీద నాకు జాలి కలగలేదు. కలగాల్సింది కాబోలు. అప్పటికి నాకంత పెద్దమనసు లేదు.

మర్నాడు భుజంగరావు ఆఫీసుకు వెళ్లగానే ఇందుమతి చీర పైకి దోపి, పీచు పట్టుకుని నాలోకి దిగింది.

"యాడో ఒకచోట పగులుండాల. ఉంటే దీన్ని పగలగొట్టిస్తా," అని తనలో తాను అనుకుంటూ ప్రతి మూలా అరచేత్తో తడిమింది. పాచి గీకింది. నా దగ్గర పగులు ఉంటే కదా. అలసిపోయి అడుగున కూర్చుంది. ఎదురుగోడ మోకాళ్లకు తగిలింది. కాళ్లు పొడవువైపు తిప్పి చాపుకుంది. పాదాలు గోడకు తగిలాయి. ఏదో తోచినట్టు అలాగే వెనక్కి వాలి, మెల్లగా వెల్లకిలా పడుకుంది. తల ఇటు గోడకు తగిలింది, మోకాళ్లు ఎత్తుకుంటే తప్ప కాళ్లు పట్టలేదు.

కిటికీలోంచి చూసిన హైమవతి గబగబా బయటికి వచ్చింది. ఎన్నో రోజుల తర్వాత తనంతట తాను పలికింది.

"వదినా, ఏంది పడుకున్నావు? కళ్లు తిరిగినయ్యా?"

"హైమా, నేనెంత పొడుగుంటాను?"

"లే ముందు."

"నా జాకెట్లన్నీ కుట్టిందానివి, ఎంతుంటానో చెప్పు."

"ఐదడుగులు. ఒక అంగుళం ఎక్కువుంటే ఉంటావేమో."

"మరి ఆరడుగుల తొట్లో ఐదడుగుల మనిషిని పట్టనేంది?"

హైమవతి నాలోకి చూసింది. తర్వాత నా గట్టు చూసింది. ఎన్ని ఏళ్లుగానో బిందెలు పెట్టిన గట్టు. దానిమీద చెయ్యి అడ్డంగా పెట్టి, బొటనవేలినుంచి చిటికెనవేలిదాకా జానెడు సాచి చూసింది. జానెడు పట్టింది. ఆమె లోపలికి వెళ్లి భుజంగరావు ఇనుప టేపు తెచ్చింది.

లోపల ఇందుమతి, బయట హైమవతి. నాకు ఊహ తెలిసినప్పటినుంచి నన్ను లోపల కొలిచింది ఆ ఇద్దరే. పొడవు నాలుగున్నర. వెడల్పు రెండున్నర. అడుగునుంచి గొట్టందాకా ఎత్తు మూడు. హైమవతి గుడ్డమీద గీతలు గీసే సుద్దముక్కతో నా గోడమీద గుణించుకుంటూ పోయింది. ముప్పై మూడు ముప్పావు ఘనపుటడుగులు. ఇరవై ఎనిమిదితో గుణిస్తే తొమ్మిదివందల నలభై ఐదు లీటర్లు. పదిహేనుతో భాగిస్తే అరవై మూడు బిందెలు.

ఎర్రరంగు 2688 కింద తెల్ల సుద్దతో 945 అని రాసి ఆమె సుద్దముక్క గట్టుమీద పెట్టింది.

"అరవై మూడే," అంది ఇందుమతి నాలో నిలబడి. "రోజుకి ముప్పై. రెండు రోజులకి సరిపోద్ది. అంటే ఎవరూ..."

"ఎవరూ తియ్యలేదు."

ఇందుమతి గట్టు పట్టుకుని పైకి రాబోయింది. హైమవతి చెయ్యి అందించింది.

"తియ్యలేదని నువ్వు చెప్పొచ్చుగా," అంది ఇందుమతి ఆ చెయ్యి పట్టుకునే.

"చెప్పాను కదా వదినా."

"గట్టిగా చెప్పాల్సింది."

ఈ మాట విన్నప్పుడు నాలో నీళ్లు లేకపోవడం మంచిదైంది, ఉంటే కాగిపోయేవి. నింద వేసినవాళ్లు నెమ్మదిగానే వేయవచ్చు. పడినవాళ్లు మాత్రం వీధి మొత్తానికి వినబడేలా అరవాలి, లేకపోతే అది కూడా వాళ్ల తప్పే. ఇందుమతికి కూడా ఆ మాట నోట్లోంచి వచ్చాక చేదుగా తగిలినట్టుంది. హైమవతి ముంజేతికి అంటిన పాచిని తన కొంగుతో తుడిచింది. చేత చేసింది గాని నోట ఏమీ అనలేదు.

ఎండాకాలం రాత్రి భోజనాలు వాళ్లు పెరటి వరండాలోనే చేస్తారు. అందుకే ఆ తర్వాత జరిగింది నేను చూడగలిగాను. నలుగురూ కూర్చున్నారు. ఇందుమతి అన్నం వడ్డించి, గుమ్మడికాయ పులుసు కాచిన రాచ్చిప్ప తెచ్చి, మూతతో సహా భర్త కంచం ముందు పెట్టింది. రాతిలో తొలిచిన చిప్ప అది. దానిపక్కనే ఇనుప టేపు పెట్టింది.

"ఏందిది?" అన్నాడు భుజంగరావు.

"కొలవండి. కొలిచి, నలుగురికి పులుసు సరిపోద్దో లేదో చెప్పండి."

"అన్నం ముందర ఆటలేంది?"

"ఆట కాదు. కొలవండి."

ఆయన నవ్వుతూ మూత తీయబోయాడు.

"మూత తియ్యకుండా. పైనుంచి."

"లోపల చూడకుండా ఎట్టా చెబుతానే? రాచ్చిప్ప అంచు రెండంగుళాలుంటది. పైకింత కనపడుద్ది గాని లోపల పట్టేది..."

అక్కడ ఆగాడు. మంజరి తండ్రిని చూసింది, తర్వాత నన్ను చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోనులో నొక్కి అంకె చెప్పింది తనే అని ఆ పిల్లకు అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. చెయ్యి తీసేసరికి మొహంలో నవ్వు లేదు.

"అరవై మూడు బిందెలు. నేను లోపలికి దిగి పడుకుని చూశాను. హైమ గుణించింది. గోడమీద ఉంది చూసుకోండి," అంది ఇందుమతి.

భుజంగరావు లేవలేదు. కూర్చున్న చోటునుంచే నావైపు చూశాడు. వరండా దీపం వెలుగు నా నుదుటిమీద పడుతోంది. రెండు అంకెలూ కనపడుతున్నాయి.

"ఆఫీసులో గోడతో సహానే కొలుస్తాం," అన్నాడు.

"అది పన్నుకి. ఇది తాగడానికి."

ఆయన అన్నం కలుపుకున్నాడు. చాలాసేపు కలిపాడు. పులుసు వేసుకోకుండానే కలిపాడు. ఆయన తప్పు ఒప్పుకుంటాడేమోనని నేను ఎదురుచూశాను. మనుషులమీద నాకు ఆ మాత్రం ఆశ ఇంకా ఉండేది. చివరికి తల ఎత్తి, పెద్దమనిషిలా, ఇంటికంతటికీ చెబుతున్నట్టు అన్నాడు:

"సరే. అయితే హైమ కందుకూరు పోనక్కరలేదు. రేపు ఫోన్ చేసి చెబుతా. తాళం తీసేద్దాం. హైమ ఇక్కడే ఉంటది."

ఇందుమతి ఊపిరి వదిలింది. మంజరి, "హమ్మయ్య," అంది. రాచ్చిప్ప మూత తీశారు. పులుసు వాసన నాదాకా వచ్చింది.

హైమవతి అన్నం ముద్ద చేసి, నోట పెట్టుకోకుండా కంచంలోనే ఉంచింది.

"నేను కందుకూరు పోనన్నయ్యా. అది ముందే అనుకున్నాను," అంది. "కోటమ్మ వాళ్ల ముందుగది ఖాళీగా ఉంది. అడిగాను. రేపు మిషను అక్కడ వేసుకుంటున్నాను. గుడ్డలిచ్చినవాళ్లందరికీ చెప్పాను."

"అదేంది హైమా," అంది ఇందుమతి. "ఇప్పుడు లెక్క తేలిపోయింది కదా. ఇంకెవరు నిన్నేమంటారు?"

"తొట్టి లోపల కొలిచారు కాబట్టి నేను దొంగను కాదు. కొలవకపోతే?"

భుజంగరావు కంచంలోకి చూస్తూ, గొంతు సవరించుకుని, అన్నగారి గొంతుతోనే అడిగాడు:

"అక్కడ నీళ్లకి ఇబ్బంది కాదా? మూడు బర్రెలు, ఇంతమంది మనుషులు."

"వాళ్ల తొట్టి చిన్నదే అన్నయ్యా," అంది హైమవతి. "కానీ దానిమీద ఎన్ని పడతాయో ఎవరూ రాయలేదు. అయిపోతే, అయిపోయినయ్ అనుకుంటారు."

ఆ మాట చెప్పి, కలిపిన ముద్ద నోట పెట్టుకుని, నెమ్మదిగా భోజనం ముగించింది.